మారేడుమిల్లి అడవిలో రెండు రాత్రులు: గోదావరి డెల్టా నుంచి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలోనూ, అటు భీమవరం, నరసాపురం వైపూ పుట్టి పెరిగిన మనకు ఏటిగట్టు కంటే ఎత్తయిన నేల కనపడదు. అందుకే కార్తీకమాసం వచ్చేసరికి, మళ్ళీ సంక్రాంతి సందడి అయ్యాక, ఇంటింటా ఒకటే మాట: ఈసారి మన్యం వెళ్దాం, చెక్క గదుల్లో ఉందాం, చలి చూద్దాం. బయలుదేరే ముందు బంధువులూ స్నేహితులూ అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. మీ కుటుంబానికి ఏది కుదురుతుందో మీరే చూసుకోండి.

మారేడుమిల్లే ఎందుకు? అరకు, లంబసింగి ఉన్నాయి కదా?

ఉన్నాయి, అవీ మంచివే. అరకు దారిలో టైడా దగ్గర పర్యాటక శాఖ వాళ్ళ చెక్క కాటేజీలు ఎప్పటినుంచో ఉన్నాయి. లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, చలి అక్కడ గట్టిగా ఉంటుంది. కానీ డెల్టా నుంచి వాటికి వెళ్ళాలంటే ఒక పూటంతా, కొన్నిసార్లు రోజంతా ప్రయాణమే. మారేడుమిల్లి రాజమండ్రికి 85 కిలోమీటర్ల చిల్లర దూరం. అమలాపురంలో టిఫిన్ చేసి బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకు అడవిలో ఉంటారు. ముసలివాళ్ళు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి ఆ మిగిలిన సగం రోజే పెద్ద లాభం.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి? ఒక్క రోజులో చూసి వచ్చేయొచ్చా?

చూసి రావచ్చు, చాలామంది అలాగే వస్తున్నారు కూడా. తెల్లవారుజామున బయలుదేరి, రెండు జలపాతాలు, ఒక బొంగు చికెను, నాలుగు ఫోటోలు, రాత్రికి ఇంట్లో. దానివల్ల మిగిలేది ఒళ్ళు నొప్పులే. నా మాట వినండి, రెండు రాత్రులు పెట్టుకోండి. మొదటి రాత్రి ప్రయాణం అలసటలో పోతుంది. రెండో రోజు ఎక్కడికీ పరిగెత్తకుండా ఉన్నప్పుడే అడవి మీ కంటికి ఆనడం మొదలవుతుంది. పొద్దున్నే వరండాలో కూర్చుంటే ముందు పొగమంచు, కాసేపటికి చెట్ల మొదళ్ళు, ఆ తర్వాత కొమ్మలు కనిపిస్తాయి. బెట్టుడత ఒకటి ఈ చెట్టు మీద నుంచి ఆ చెట్టు మీదికి దూకుతుంది. ఇది చూడాలంటే తొందరలేని ఒక ఉదయం చేతిలో ఉండాలి.

శని, ఆదివారాలు వీలైతే వదిలేయండి. మంగళ, బుధవారాల్లో అదే గది, అదే వాగు, జనం మాత్రం పల్చగా ఉంటారు.

ఏ నెల మంచిది?

నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి సగం వరకు. వానలు ఆగి ఉంటాయి, వాగుల్లో ఇంకా నీళ్ళుంటాయి, పచ్చదనం తగ్గదు. సార్వా కోతలు అయ్యాక, దాళ్వా పనులు జోరందుకునే లోపు రైతు కుటుంబాలకు దొరికే నాలుగు రోజుల ఖాళీ కూడా దాదాపు అప్పుడే పడుతుంది. సంక్రాంతి తర్వాత వారం పది రోజులు మాత్రం వద్దు. అల్లుళ్ళు, కూతుళ్ళు, హైదరాబాదు నుంచి వచ్చిన వాళ్ళు అందరూ ఒకేసారి అక్కడ దిగుతారు.

జూలై, ఆగస్టుల్లో అడవి అందం వేరు, కాదనను. కానీ అప్పుడే ఘాట్ రోడ్డు మీద చెట్లు కూలుతాయి, కొండచరియలు జారుతాయి. గోదావరికి వరద వస్తే శబరి ఎగదన్ని చింతూరు, కూనవరం వైపు రోడ్లు మునుగుతాయి. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వింటే ఆ వారం ప్రయాణం మానుకోండి. లంకల్లో మన వాళ్ళకు ఎలాగూ అప్పుడు ఇల్లు వదిలే పరిస్థితి ఉండదు.

మార్చి నుంచి మే వరకు ఆకు రాలి, ఎండ మండి, అడవి అంటుకునే కాలం. ఆ నెలల్లో వెళ్ళి నిరాశపడకండి.

దారి ఎలా ఉంటుంది? మా డ్రైవరుకు ఘాట్ రోడ్డు అలవాటు లేదు.

రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం మీదుగా రంపచోడవరం, అక్కడి నుంచి ఇంకో ముప్ఫై కిలోమీటర్ల లోపు మారేడుమిల్లి. గోకవరం దాటాక కొండలు మొదలవుతాయి కానీ మారేడుమిల్లి వరకు భయపడేంత దారి కాదు. అసలు ఘాట్ మారేడుమిల్లి దాటి చింతూరు వైపు దిగేటప్పుడు. అది అలవాటు లేని డ్రైవరుతో వద్దు, చీకట్లో అసలు వద్దు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకూడదు. ఎక్కిన గేరులోనే, అంటే సెకండులోనో థర్డులోనో, దిగాలి. ప్రతి మలుపులో హారన్ కొట్టాలి. ఎక్కే బండికి దారి ఇవ్వాలి.

కారు లేనివాళ్ళకు రాజమండ్రి, గోకవరం నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. పదిమంది దాటితే టెంపో ట్రావెలర్ మాట్లాడుకోవడమే చవక. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం లోపే పెట్టుకుంటే రంపచోడవరం వెలుగుండగానే దాటుతారు.

వాంతులయ్యే పిల్లలుంటే పొద్దున్నే పెరుగన్నం, పాలు పెట్టకండి. రెండు ఇడ్లీలు చాలు. ముందు సీట్లో కూర్చోబెట్టండి. మాత్ర వేయాలనుకుంటే మీ డాక్టరుగారిని అడిగి, బయలుదేరే ముందే వేయండి. వాంతి మొదలయ్యాక వేసి లాభం లేదు.

క్యాబిన్ అంటే ఏమిటి? ఫోటోల్లో బాగున్నాయి. బుక్ చేసే ముందు ఏం అడగాలి?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే యాత్ర బాగుండటం, చెడటం సగం ఇక్కడే తేలిపోతుంది.

మారేడుమిల్లి చుట్టుపక్కల మూడు రకాల వసతి దొరుకుతుంది. ఒకటి, అటవీశాఖ, స్థానిక వన సంరక్షణ సమితులు కలిసి నడిపేవి. వనవిహారి, వాలమూరు వాగు ఒడ్డున జంగిల్ స్టార్ అలాంటివే. వీటిలో అక్కడి గిరిజన కుర్రాళ్ళే పనిచేస్తారు, మీరిచ్చే డబ్బులో భాగం ఆ ఊళ్ళకే చేరుతుంది. నా ఓటు వీటికే. రెండు, ప్రైవేటు రిసార్టులు. మూడు, ఇంటి పక్కన గది కట్టి అద్దెకిచ్చేవాళ్ళు. పేరు ఏదైనా, "చెక్క కాటేజీ" అన్నది ఒకచోట నిజంగా చెక్కతో కట్టినదై ఉంటుంది, ఇంకోచోట సిమెంటు గోడకు వెదురు తడిక కొట్టినదై ఉంటుంది. రెండూ తప్పు కాదు, కానీ ముందే తెలియాలి.

ఫోను చేసి వీలైతే వీడియో కాల్‌లో గది చూపించమనండి. బాత్రూమ్ గది లోపలా, బయటా? వెస్ట్రన్ కమోడ్ ఉందా? వేడినీళ్ళకు గీజరా, బయట కాచి బకెట్టుతో ఇస్తారా? కరెంటు పోతే జనరేటరు ఉందా, ఉంటే రాత్రి ఎన్నింటి వరకు వేస్తారు? కిటికీలకు దోమతెర ఉందా? కారు గది దాకా వస్తుందా, సామాను మోసుకుంటూ మెట్లు దిగాలా? రాత్రి భోజనం వాళ్ళే వండుతారా, ఎన్నింటికి చెప్పాలి? కేర్‌టేకర్ రాత్రి అక్కడే పడుకుంటాడా? ఈ ఆఖరి ప్రశ్న చాలామంది అడగరు. ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నప్పుడు నేను మొదట అడిగేది అదే. రాత్రి రెండింటికి పిల్లాడికి జ్వరం వస్తే, గదిలో పాము కనిపిస్తే, పిలవడానికి ఆ చుట్టుపక్కల తెలిసిన మనిషి ఒకడుండాలి.

అడ్వాన్సు మొత్తం కట్టకండి. సగం కట్టి రసీదో, మెసేజో తీసుకోండి. వాన వల్ల దారి మూసేస్తే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా అన్నది కూడా అదే మెసేజ్‌లో రాయించండి. అందరికీ ఆధార్ కార్డు అడుగుతారు, పిల్లలవి కూడా పెట్టుకోండి.

టెంట్ వేసుకుంటే చవక కదా?

అనుమతి ఉన్న క్యాంపులో వాళ్ళు వేసిన టెంటులో ఉండొచ్చు. మీ అంతట మీరు అడవిలో ఎక్కడపడితే అక్కడ వేయడానికి వీల్లేదు, అది రిజర్వు ఫారెస్టు. పైగా వాగు ఒడ్డున టెంటు అంటే, ఎగువన వాన పడితే నీళ్ళు నేరుగా పక్క మీదికే. మొదటిసారి వెళ్ళే కుటుంబానికి నాలుగు గోడలు, ఒక తలుపు ఉన్న గదే మేలు.

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. తీసుకెళ్ళొచ్చా?

తప్పకుండా తీసుకెళ్ళండి. రోడ్డు పక్క గది, వెస్ట్రన్ కమోడ్, ఎదురుగా చెట్లు కనిపించే వరండా, ఒక చేతుల కుర్చీ. ఈ నాలుగూ ఉంటే మీకంటే ఆవిడే ఎక్కువ సంతోషంగా గడుపుతారు. జలపాతాలకు మెట్లు, రాళ్ళు ఉంటాయి. అక్కడికి బలవంతపెట్టొద్దు, ఒంటరిగా గదిలో వదిలేసీ పోవద్దు. ఒక పూట ఎవరో ఒకరు ఆవిడ దగ్గర ఉండేలా వంతులు వేసుకోండి. బీపీ, షుగరు మాత్రలు రెండు రోజులవి ఎక్కువే సర్దండి, అక్కడ మీ బ్రాండు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

చలి ఎంత ఉంటుంది?

ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. మారేడుమిల్లి లంబసింగి అంత ఎత్తు కాదు, కానీ అడవి తేమ, వాగు గాలి కలిసి డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు బాగా వణికిస్తాయి. మన ఇళ్ళల్లో పల్చటి దుప్పటితో శీతాకాలం గడిచిపోతుంది కాబట్టి చలి బట్టలు కొనే అలవాటు మనకు లేదు. ఒక్కొక్కరికి స్వెట్టరు, మేజోళ్ళు, చెవులకు మఫ్లరు, రగ్గు ఒకటి అదనంగా పెట్టుకోండి. పసిపిల్లలకు తల కప్పడం ముఖ్యం.

ఇంకా ఏం పట్టుకెళ్ళాలి?

మనిషికో టార్చిలైటు, సెల్‌ఫోను లైటు లెక్కలోకి రాదు. పవర్ బ్యాంకు. దోమల క్రీము, ఫుల్ చేతుల చొక్కాలు. వెనక పట్టీ ఉన్న చెప్పులు, ఎందుకంటే హవాయి చెప్పులు తడి బండ మీద జారతాయి. కట్టుగుడ్డ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పారాసెటమాల్. చెత్త వెనక్కి తేవడానికి రెండు పెద్ద సంచులు. తాగునీళ్ళు క్యాను నింపుకుని వెళ్ళండి, వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా కాచకుండా తాగొద్దు.

తినేవి మన వాళ్ళు ఎలాగూ మానరు. జంతికలు, కాజాలు, పులిహోర పెట్టుకోండి, మంచిదే. కానీ రాత్రి అవి గది బయట వదిలితే పొద్దున్నకు కోతులు సంచి విప్పేస్తాయి. దారిలో కోతులకు అరటిపళ్ళు విసరడం దయ కాదు. బండి ఆగితే తిండి దొరుకుతుందని నేర్చుకుని అవి రోడ్డు మీదే కూర్చుంటున్నాయి, చక్రాల కింద పడుతున్నాయి.

వంట మనమే చేసుకోవచ్చా? బొంగు చికెన్ ఎక్కడ బాగుంటుంది?

గదికి వంటిల్లు ఉంటే గ్యాసు మీద చేసుకోవచ్చు. లేకపోతే కేర్‌టేకరుకే చెప్పండి, అన్నం, పప్పు, నాటుకోడి పులుసు వండిపెడతారు. పొద్దున్నే చెప్పాలి, ఎందుకంటే కూరగాయలు తేవాలన్నా, కోడిని తేవాలన్నా అక్కడ వీధి చివర దుకాణం ఉండదు.

బొంగు చికెన్ రోడ్డు పక్కన చాలాచోట్ల చేస్తారు. తినేముందు ఒకసారి నిలబడి చూడండి. ఒక చివర కణుపు ఉండేలా పచ్చి వెదురు కోస్తారు. ఉప్పు, కారం, మసాలా పట్టించిన ముక్కల్ని చుక్క నూనె లేకుండా లోపలికి కూరి, మూతిని ఆకులతో గట్టిగా బిగిస్తారు. నిప్పుల మీద వాల్చి, ఒకవైపే మాడకుండా తిప్పుతూ ఉంటారు. పచ్చి బొంగులో ఉన్న తడే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది. బొంగు పైన నల్లబడి, మూతి దగ్గర ఆకులు కమిలి, సన్నగా ఆవిరి చిమ్మే వేళకు అయినట్టు. విస్తరాకులో వంపగానే వచ్చే వాసనలో మసాలా కంటే వెదురే ముందు తగులుతుంది. ముందే కాల్చి పక్కన పెట్టిన బొంగు వద్దనండి. మీ ఎదురుగా కూరింది తీసుకోండి, అరగంట ముప్పావుగంట ఆగాల్సి వచ్చినా సరే.

కార్తీకమాసంలో వెళ్తే ఉసిరిచెట్టు కింద వనభోజనం అన్నమాట అక్కడ అక్షరాలా నిజమవుతుంది. విస్తళ్ళు మాత్రం అడ్డాకులవే కొనండి, థర్మోకోల్ పళ్ళేలు మోసుకెళ్ళకండి.

రాత్రి చలిమంట వేసుకోవచ్చా?

వసతి ఆవరణలో, వాళ్ళు చూపించిన చోట, వాళ్ళిచ్చిన కట్టెలతో వేసుకోవచ్చు. అడవిలోకి వెళ్ళి వేయడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. పడుకునే ముందు నీళ్ళు పోసి, బూడిద కలిపి, చెయ్యి పైన పెట్టి చూసి వేడి లేదని నిర్ధారించుకోండి. స్పీకర్లు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. అక్కడి చీకటి, నిశ్శబ్దం కోసమే కదా అంత దూరం వెళ్ళింది.

గుడిస వెళ్ళాలా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు వెళ్ళాలి. పుల్లంగి మీదుగా కొండ పైకి ఎక్కితే చెట్లు ఆగిపోయి గడ్డి మైదానం మొదలవుతుంది. వానాకాలం చివర నుంచి డిసెంబరు దాకా పచ్చగా ఉంటుంది, మేఘాలు కాళ్ళ కింద ఉంటాయి. సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున మూడు, నాలుగింటికి బయలుదేరాలి. పైకి దారి మన కార్లకు కాదు, స్థానికుల జీపు, బొలెరో మాట్లాడుకోండి. వెన్నునొప్పి ఉన్నవాళ్ళకు, గర్భిణులకు ఆ కుదుపులు వద్దు. కొండ మీద ఒక్క బిస్కెట్ కాగితం కూడా వదలకండి.

జలపాతాల్లో దిగొచ్చా? పిల్లలు ఆగరు.

అమృతధార, జలతరంగిణి రెండూ మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్ళే దారిలోనే ఉన్నాయి. రంపచోడవరం దగ్గర రంప జలపాతం, పక్కనే పాత శివాలయం. డిసెంబరు, జనవరిలో మోకాలి లోతు నీళ్ళలో పిల్లలు ఆడుకోవచ్చు, పెద్దవాళ్ళు చెయ్యందే దూరంలో ఉండాలి.

వానాకాలంలో మాత్రం దిగొద్దు. జలతరంగిణి దగ్గర 2024 సెప్టెంబరులో ఏలూరు నుంచి వచ్చిన వైద్య విద్యార్థులు ఒక్కసారిగా పెరిగిన నీటిలో కొట్టుకుపోయారు. ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చదువుకున్న, ఈడున్న పిల్లలు. గోదావరి పిల్లలం, మాకు ఈత వచ్చు అనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది. కాలవలో నీళ్ళు పెరగడం మనకు తెలుసు, గంటలు పడుతుంది. కొండవాగు అలా కాదు. మీరున్నచోట ఎండ కాస్తూనే ఉంటుంది, పైన రెండు కొండల అవతల వాన కురుస్తుంది, ఆ నీళ్ళు నిమిషాల్లో వచ్చేస్తాయి. నీళ్ళు మట్టిరంగుకు తిరగడం, పుల్లలు, ఆకులు కొట్టుకురావడం, హోరు మారడం, ఈ మూడింటిలో ఏది గమనించినా సామాను వదిలేసి గట్టెక్కండి. స్థానికులు వద్దన్నచోట వాదించకండి.

పులులు, పాములు ఉంటాయా?

దక్షిణాన గోదావరికి రెండు వైపులా పరుచుకున్న పాపికొండ జాతీయ పార్కు 2008లో ఏర్పడింది, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పులి, చిరుత, ఎలుగుబంటి, అడవిదున్న, కణుజు ఈ అడవుల్లో ఉన్నాయి. రోడ్డు పక్క గదిలో ఉన్నవాళ్ళకు అవి కనపడటం చాలా అరుదు. జాగ్రత్త పడాల్సింది ఎలుగుతో, ముఖ్యంగా ఇప్పపూలు రాలే వేసవిలో. చీకటిపడ్డాక, తెల్లవారకముందు ఒంటరిగా కాలిబాట పట్టకండి.

పాముల సంగతి డెల్టా వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. బూట్లు దులిపి తొడుక్కోండి, టార్చి లేకుండా అడుగు బయట పెట్టకండి. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి, లేదా ఉన్న బండిలోనే రంపచోడవరం ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఫోను, డబ్బు, పెట్రోలు?

రంపచోడవరంలో ట్యాంకు నింపుకుని, నగదు తీసుకోండి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి ముందే చెప్పి వెళ్తే రెండు వైపులా టెన్షన్ ఉండదు.

అక్కడి వాళ్ళతో ఎలా ఉండాలి?

మన ఊరికి వచ్చిన చుట్టం ఎలా ఉంటే మనకు నచ్చుతుందో, అలా. ఆ కొండలు కొండరెడ్ల, కోయదొరల ఊళ్ళు. గుమ్మం ముందు కూర్చున్న ముసలమ్మను అడగకుండా ఫోటో తీయడం, పిల్లలకు చాక్లెట్లు విసిరి వీడియో తీయడం చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. సంత జరిగే రోజు అక్కడ ఉంటే తప్పకుండా వెళ్ళండి. చింతపండు, కొండచీపుర్లు, పసుపు, కాలాన్ని బట్టి సీతాఫలాలు, పనసకాయలు వస్తాయి. మోసుకుంటూ కొండ దిగి వచ్చిన మనిషితో పది రూపాయల కోసం బేరం ఆడకండి. తేనె కావాలంటే గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ దుకాణంలో కొనండి. జీలుగు కల్లు ఎవరైనా అభిమానంతో ఇస్తే అది వేరు, బండి నడిపేవాళ్ళు మాత్రం ముట్టకూడదు.

అక్కడ ఓ ఐదు సెంట్లు కొని మనమే చిన్న చెక్క ఇల్లు కట్టుకుంటే?

కుదరదు. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు. బినామీ పేరుతో ఇప్పిస్తామని వచ్చే మధ్యవర్తుల మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. ఆ చట్టం లేకపోతే ఈపాటికి ఆ కొండల మీద గిరిజనులకు నిలువ నీడ ఉండేది కాదు.

దారిలో పిల్లలకు ఏం చెప్పాలి?

రంప పేరు చెప్పండి. 1879లో మన్సబుదారు, అంటే ఈ ప్రాంతాన్ని ఏలిన జమీందారు, దోపిడీ మీద, కల్లుగీత మీద వేసిన పన్ను మీద తిరగబడింది ఈ కొండల జనమే. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్ళింది ఈ మన్యంలోనే. అల్లూరి పేరు మీద 2022లో జిల్లా ఏర్పడేదాకా మారేడుమిల్లి మన తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది.

పాపికొండల బోటు కూడా కలిపేయొచ్చా?

మూడో రోజు ఉంటేనే. ఒకే యాత్రలో రెండూ ఇరికిస్తే ఏదీ చూసినట్టుండదు. బోటెక్కితే లైఫ్ జాకెట్ చివరి దాకా విప్పొద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం ఎవరం మర్చిపోలేం. వరద రోజుల్లో బోట్లు ఆపేస్తారు, ఆపినప్పుడు ఎవరినీ బతిమాలకండి.

వచ్చాక జ్వరం వస్తే?

ఏజెన్సీలో మలేరియా ఉంది. కుట్టిన వారం నుంచి నెల లోపు సాధారణంగా బయటపడుతుంది, కొన్ని రకాలు ఇంకా ఆలస్యంగా కూడా రావచ్చు. చలితో వణికించే జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి రెండు రోజులు చూద్దాం అనుకోవద్దు. అదే రోజు రక్తపరీక్ష చేయించండి. "ఫలానా తేదీల్లో మారేడుమిల్లిలో ఉన్నాం" అని డాక్టరుగారికి మీరే ముందు చెప్పండి. అమలాపురంలోనో పాలకొల్లులోనో కూర్చున్న డాక్టరుకు మీరు చెప్పకపోతే ఆ అనుమానం రావడం ఆలస్యం కావచ్చు. మీతో వచ్చినవాళ్ళకు కూడా ఫోను చేసి, వాళ్ళ పిల్లల ఒళ్ళు ఎలా ఉందో కనుక్కోండి.